తలా ఒక చిటికెడు

పదకొండో జత చెప్పులు అరలో సర్దాక ఆయమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. పిల్లలందరిలోకీ చిన్నదాని చెప్పులు ఎడమది కుడివైపూ, కుడిది ఎడమవైపూ ఉన్నాయి. వంగి మార్చి పెట్టింది. ఆ వంగడంలో ఎడమ మోకాలు టప్పుమంది. "నువ్వొకదానివి. రోజూ హాజరు పలక్కపోతే నీకు తోచదు," అని మోకాలిని కసురుకుని, గోడ పట్టుకుని లేచింది.

పొట్టి మనిషి. వెడల్పాటి అరచేతులు, కడిగి కడిగి నునుపెక్కిన వేళ్ళు. ఏళ్ళ తరబడి పిల్లల్ని ఒకే పక్క ఎత్తుకోవడం వల్ల కుడి తుంటి కాస్త పక్కకి ఒరిగిపోయింది. ఊరికే నిలబడినా చంకలో ఎవరో ఉన్నట్టే ఉంటుంది. ఉద్యోగాలకి వెళ్ళే తల్లిదండ్రులు పొద్దున్నే పిల్లల్ని దింపి సాయంత్రం తీసుకెళ్ళే ఈ కేంద్రానికి ఆమె వచ్చింది మూడు నెలల కోసం. అప్పటి ఆయా కాన్పుకి వెళ్తే ఆవిడ బదులు పని చెయ్యడానికి. ఆవిడ తిరిగి రాలేదు, ఈవిడ తిరిగి వెళ్ళలేదు. అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఆమెకొక పేరుందన్న సంగతి జీతం కాగితానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

వచ్చిన మొదటి వారంలోనే, జారుడుబల్ల దగ్గర ఇద్దరు పిల్లలు జుట్లు పట్టుకుంటే, ఆమె ఒక చట్టం చేసింది. ఏ పనైనా సరే, తలా ఒక వంతు. ఆ చట్టానికి తిరుగులేదు. మధ్యాహ్నం నిద్రకి లైటు ఆర్పాలంటే పదకొండు మందీ వరసగా వచ్చి తలా ఒకసారి ఆర్పాల్సిందే. ఒకరు ఆర్పగానే ఆయమ్మ మళ్ళీ వేసేది, తర్వాతివాళ్ళ కోసం. స్విచ్చి బాగుచేసే మనిషి ఏడాదికోసారి వచ్చి, "ఈ ఒక్క స్విచ్చికేం పుట్టిందమ్మా?" అని తల గోక్కునేవాడు.

నాలుగు గంటల చిరుతిండి కూడా ఆమెదే. మీగడ బిస్కెట్ల డబ్బా ఆమె చేతికిందే ఉండేది. అమ్మ వెళ్ళిపోయిందని ఏడిస్తే ఒకటి, పడి మోచెయ్యి గీసుకుంటే ఒకటి, పక్కవాడు కొరికితే ఒకటి, కొరికినవాడు తప్పయిందని చెప్తే వాడికీ ఒకటి. ఏ ఏడుపుకైనా ఆమె దగ్గరున్న మందు అదొక్కటే. తన కూతుర్ని పెంచిందీ ఆ మందుతోనే. ఊళ్ళోవాళ్ళ పిల్లలకి అన్నం కలిపి పెట్టి ఇంటికి చేరేసరికి సొంత పిల్లకి బిస్కెట్ పొట్లమే దిక్కయ్యేది. ఆ పిల్లకిప్పుడు ముప్పై ఏళ్ళు, నాలుగు దంతాలకి సిమెంటు.

పోయిన నెల పళ్ళ డాక్టరు వచ్చి పదకొండు నోళ్ళూ చూశాడు. తొమ్మిదింటిలో పుచ్చులున్నాయన్నాడు. "రోజూ తీపి ఎవరు పెడుతున్నారు?" అని మామూలుగానే అడిగాడు. ఆయమ్మ చేతులు ఏప్రన్ వెనక్కి పెట్టుకుంది.

కేంద్రం నడిపే మేడమ్ ఆ రోజే డబ్బా తీయించేసింది. నాలుగింటికి పండు ముక్కలు మొదలుపెట్టింది. వారం తిరక్కుండా పండు ముక్కలు సోఫా దిండ్ల వెనకా, ఆటబొమ్మల పెట్టెలోనూ, ఒకసారి మేడమ్ చేతిసంచీలోనూ దొరికాయి. ఈ తిరుగుబాటుకి నాయకుడు నాలుగేళ్ళవాడు. ఏది చూపించినా మొదట "వద్దు" అనడం వల్ల వాడి పేరే వద్దుగాడైంది. వాడు వద్దంటే మిగతా పదిమందీ వద్దంటారు. పిల్లలు ఖాళీ కడుపుల్తో, ఏడుపు మొహాల్తో ఇళ్ళకి వెళ్తున్నారు.

ఇవాళ శుక్రవారం, ఆయమ్మకి ఆఖరి రోజు. రేపు పొద్దున్న బస్సెక్కి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. "ఇన్నాళ్ళూ ఊరందరి పిల్లల్నీ పెంచావు. ఇక నా పిల్లని పెంచు," అని కూతురు ఫోన్లో నవ్వుతూ అన్నా, ఆ నవ్వులో చాలా ఏళ్ళ బాకీ ఉంది. వెళ్ళడం ఆమెకి ఇష్టమే. కానీ తను పెట్టిన తిండి పిల్లల పళ్ళు తినేసిందన్న మాట వెనక వదిలేసి వెళ్ళడానికి మాత్రం మనసొప్పలేదు. అందుకే నాలుగు రోజుల క్రితం మేడమ్‌ని అడిగింది. చక్కెర లేని బిస్కెట్లు చేస్తాను, అదీ పిల్లల చేత చేయిస్తాను అంది.

"పిల్లల చేతనా? వంటగది తగలబెట్టేస్తారు, ఆయమ్మా," అంది మేడమ్.

"పెరట్లో బురదతో చారు కాచుకుని తాగబోయారు మేడమ్, మొన్న. నోట్లోంచి లాక్కోవాల్సి వచ్చింది. వాళ్ళు చేసుకున్నదేదీ వాళ్ళు వద్దనరు. ఇది నేను ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా."

మేడమ్ గోడ మీది క్యాలెండర్ చూసింది. "సరే. శుక్రవారం నాలుగింటికి పిల్లలు తింటే, ఇక అవే. తినకపోతే సోమవారం నుంచి మళ్ళీ పండు ముక్కలే. మళ్ళీ నన్ను అడక్కూడదు."

ఇంట్లో మూడుసార్లు చేసి చూసింది. మొదటిసారివి రాళ్ళలా వచ్చాయి. రెండోసారివి పళ్ళెంలోంచి చేతిలోకి వచ్చేలోపు పొడైపోయాయి. మూడోసారి కుదిరింది. బాగా మగ్గిన రెండు అరటిపళ్ళు, రెండు కప్పుల ఓట్స్, నానబెట్టి నూరిన ఖర్జూరం గుప్పెడు, కాస్త వెన్న, చిటికెడు ఉప్పు. ఉప్పే అసలు కిటుకు, అది లేకపోతే ఖర్జూరం తీపి నాలుక మీదికి రాదు. కొలతలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని మనసులో పెట్టుకుంది. అయినా భయం భయంగానే అవసరానికి మించి సరుకులు మోసుకొచ్చింది.

ఇవాళ రెండున్నరకి పిల్లలు నిద్ర లేచారు. లైటు పదకొండుసార్లు వెలిగింది. చేతులు కడుక్కున్నారు, తలా ఒక వంతు సబ్బు. పొట్టి బల్ల చుట్టూ చేరి అరటిపళ్ళు ఒలిచి, పెద్ద గిన్నెలో వేసి పిడికిళ్ళతో మెదిపారు. అయిదేళ్ళ పిల్ల ఒకతి, మాటకి మాట అడ్డం వేస్తుందని అందరూ లాయరమ్మ అంటారు, "వాడు రెండుసార్లు పిసికాడు, నాకింకోటి రావాలి," అని వాదించి తన వంతు రాబట్టుకుంది. ఓట్స్ చెంచాలతో పోశారు. గిన్నెలో పడ్డవెన్నో, నేల మీద పడ్డవీ దాదాపు అన్నే. వద్దుగాడు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, కాస్త దూరంగా నిలబడి, అరటిపండు జిగట చూసి మొహం చిట్లించాడు.

"రారా నాన్నా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి."

"వద్దు."

ఆయమ్మ ఇంక బతిమాలలేదు. ఉప్పుగిన్నె బల్ల మీద పెట్టి, "దీంట్లోంచి ఒక్క చిటికెడు వెయ్యాలి," అని చెప్పి, ఒవెన్ వేడెక్కిందో లేదో చూడ్డానికి అటు తిరిగింది. పాత ఒవెన్ అది. మీట సగం తిరిగి బిగుసుకుపోతుంది, దాన్ని గుడ్డతో పట్టి తిప్పాలి. ఆ తిప్పడంలో కాసేపు పట్టింది. ఆ కాసేపూ గదిలో చప్పుడు లేదు. పిల్లలున్న గదిలో చప్పుడు లేదంటే కొంప మునిగినట్టే అని ఆమెకి తెలుసు. గిర్రున తిరిగింది.

ఉప్పుగిన్నె ఎనిమిదో చేతిలో ఉంది. ఎంతో పద్ధతిగా, ఒకరి తర్వాత ఒకరు, చిన్న చిన్న మూడు వేళ్ళతో తలా ఒక చిటికెడు పట్టి పిండిలో వేస్తున్నారు. ఎవరూ ఒలకబొయ్యలేదు. ఎవరూ రెండోసారి వెయ్యలేదు. ఆమె చట్టాన్ని అంత బుద్ధిగా వాళ్ళు ఎప్పుడూ పాటించలేదు.

ఆపమందామని ఆయమ్మ నోరు తెరిచింది. మిగిలిన ముగ్గురూ అప్పటికే వరసలో నిలబడి ఉన్నారు. అందరికంటే వెనక వద్దుగాడు. వెనక్కి కట్టుకున్న చేతులు విప్పేసి, గిన్నె రాకముందే వేళ్ళు చిటికె పట్టి ఎదురుచూస్తున్నాడు. తిండి సంగతిలో వాడు వంతు కావాలనుకోవడం డబ్బా పోయాక ఇదే మొదటిసారి.

ఆపితే పిండి కొంతైనా దక్కుతుంది. కానీ ఆపితే ఆ మూడు చేతులూ గాల్లోనే ఉండిపోతాయి. ఆమె నోరు మూసుకుంది. తొమ్మిదో చిటికెడు పడింది. పదోది పడింది. వద్దుగాడు కాలివేళ్ళ మీద లేచి, గిన్నె మధ్యలోకి చెయ్యి చాపి, తన ఉప్పుని ఒక్కో రేణువూ రాల్చినట్టు నెమ్మదిగా వేశాడు. "అయిపోయింది," అన్నాడు ఆయమ్మని చూసి, పెద్ద పని పూర్తిచేసినవాడిలా.

వేలితో ముద్దని తాకి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత ఉప్పంటే, అది తిన్న పిల్లలు జన్మలో మళ్ళీ బిస్కెట్ అనరు. గడియారం చూసింది. మూడు దాటింది. మళ్ళీ కొత్త పిండి కలుపుదామంటే వాళ్ళ కళ్ళ ముందే వాళ్ళ ఉప్పుని చెత్తబుట్టలో పారెయ్యాలి. అది చేతకాలేదు ఆమెకి.

అప్పుడు సంచీ గుర్తొచ్చింది. ఉప్పు తియ్యలేం గానీ, మిగతావన్నీ పెంచొచ్చు కదా. సంచీ బోర్లించింది. ఇంకో నాలుగు పళ్ళు, రెండు ఓట్స్ పొట్లాలు, ఖర్జూరం డబ్బా అడుగుదాకా, వెన్న. "ఇంకా చాలా పనుంది రండర్రా, అందరూ!" అని కేకేసింది. పిల్లలు కేరింతలు కొట్టారు. గిన్నె చాలక స్నానాల తొట్టంత పెద్ద పాత్ర దింపాల్సి వచ్చింది. వద్దుగాడు ఈసారి మోచేతుల దాకా అరటిపండులో దిగిపోయాడు. మళ్ళీ వేలితో రుచి చూసింది. ఇంకాస్త ఓట్స్ వేసింది. మళ్ళీ చూసింది. మూడోసారి నాలుక మీద ఖర్జూరం తీపి ముందొచ్చి, ఉప్పు దాని వెనకాలే నిలబడింది.

ఇరవై రెండు బిస్కెట్లు అవుతాయనుకున్నవి అరవై పైన అయ్యాయి. మూడు పళ్ళేలు. నాలుగింటికి మొదటి పళ్ళెం బల్ల మీదికి వచ్చేసరికి వంటగది గుమ్మంలో మేడమ్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పిల్లలు బిస్కెట్లకేసి చూశారు, తర్వాత వద్దుగాడికేసి చూశారు. బిస్కెట్లు గుండ్రంగా లేవు, ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు. పైన మీగడ లేదు. వద్దుగాడు ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో నా ఉప్పు ఎక్కడుంది?" అన్నాడు వాడు.

"నాకేం తెలుసు? తింటే నీకే దొరుకుతుంది."

కొరికాడు. కళ్ళు మూసుకుని, బుగ్గలు ఉబ్బించి, మహా శ్రద్ధగా నమిలాడు. "దీంట్లో లేదు," అన్నాడు. మిగతాది కూడా నోట్లో పెట్టుకుని ఇంకోటి తీసుకున్నాడు. అంతే, పదిమందీ పళ్ళెం మీద పడ్డారు. ఎవరి ఉప్పు వాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు. "దొరికింది, నాది దొరికింది!" అని చిన్నది అరిచింది. "అది నీదని సాక్ష్యమేంటి?" అని లాయరమ్మ నిండు నోటితోనే నిలదీసింది. రెండో పళ్ళెం కూడా సగానికి వచ్చింది. దిండ్ల వెనక్కి ఒక్క ముక్క పోలేదు.

మేడమ్ ఒకటి తీసుకుని చివర కొరికింది. వెంటనే ఇంకోటి తీసుకుంది. మూడోదానికి చెయ్యి చాపుతూ, "ఆయమ్మా, మీరే గెలిచారు," అంది.

ఆయమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడుపుని పక్కకి నెట్టి పగలబడి నవ్వింది, మోకాలి నొప్పి కూడా మర్చిపోయి. ఆ నవ్వు చూసి పిల్లలూ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా మేడమ్ కూడా నవ్వింది.

మూడో పళ్ళెం గేటు దగ్గర ఖర్చయింది. తల్లులూ తండ్రులూ పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చి, చేతిలో పెట్టినవి తిని, అక్కడే నిలబడిపోయారు. బస్సు డ్రైవరుగా పనిచేసే వద్దుగాడి నాన్న, "వీడు చేశాడా? వీడు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా వద్దంటాడే!" అని నోరెళ్ళబెట్టాడు. వద్దుగాడు తండ్రి నోటికి ఇంకో బిస్కెట్ అందించి, "నా ఉప్పు ఉంది, చూడు," అన్నాడు.

సోమవారం నుంచి రాబోయే కొత్తమ్మాయి అయిదున్నరకి వచ్చింది. తాళాలు తీసుకుంది. చెప్పుల అర, పక్కబట్టలు, ఒవెన్ మొండి మీట అన్నీ చూసుకుంది. ఆఖర్న చిన్న పుస్తకం తీసి బిస్కెట్ల కొత్త కొలతలు రాసుకుంటూ, "ఉప్పెంత వెయ్యాలండీ?" అని అడిగింది.

"పిల్లలెంతమంది ఉంటే అంతమందీ తలా ఒక చిటికెడు. నువ్వు మాత్రం వెయ్యకమ్మా."

ఏప్రన్ విప్పి మడతపెట్టి కొత్తమ్మాయి చేతికిచ్చింది. వద్దుగాడూ చిన్నదీ చేతులు ఊపుతూ ఎప్పుడో వెళ్ళిపోయారు, ఇక ఆమె ఉండదన్న సంగతి వాళ్ళకి సరిగ్గా ఎక్కలేదు. అదే మంచిదనిపించింది. మేడమ్ గేటు దాకా వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆయమ్మ వీధి మలుపు దాకా ఒక తుంటి పక్కకి ఒరిగిన నడకతో, కొంచెం గర్వంగానే నడిచి, వెనక్కి చూడకుండా మలుపు తిరిగింది.

కొత్తమ్మాయి వంటగది తుడవడానికి వెళ్ళి ఒవెన్ తలుపు తీసింది. పాత్ర అడుగున మిగిలిన పిండి పదకొండు భాగాలు చెయ్యడానికి చాలక, ఇళ్ళకి వెళ్ళేముందు పిల్లలంతా కలిసి ఒకటే ముద్ద చేసి, తలా ఒక వేలితో నొక్కి, ఆయమ్మ చేత లోపల పెట్టించారు. ఆ పెద్ద బిస్కెట్ ఇంకా జాలీ మీదే ఉంది, అంచులు ఎర్రగా వేగి, పదకొండు వేలిగుంటలతో, వెచ్చగా.