వలిసె నూనెతో కొండెక్కిన బండి

మా కాఫీ రైతుల సంఘానికి మోటారు సైకిలు వచ్చిన వారంలోనే నాకు ఉద్యోగం వచ్చింది. బండిని తుడవడం నా ఉద్యోగం. ఆఫీసు ఊడవడానికి వేరే మనిషి లేదు కాబట్టి అదీ నేనే చేసేదాన్ని. కాని కాగితం మీద ఉన్నది బండి ఒక్కటే.

అంతకు ముందు రెండేళ్ళు రైలు కట్ట మీద కంకర మోశాను. కంకర తట్ట నెత్తిన పెట్టుకుంటే మెడ లోపలికి దిగుతుంది. సాయంత్రానికి మళ్ళీ పైకి వస్తుంది గాని మొత్తం రాదు. అందుకని బండిని శ్రద్ధగా తుడిచేదాన్ని.

బండి రాజ్‌దూత్. ఫీల్డుమేన్ సర్వేశ్వరరావు గారు దాని మీద కొండ ఊళ్ళు తిరిగి కాఫీ మొక్కలు చూడాలని, విశాఖపట్నంలో ఉండే మా సంఘం సెక్రటరీ గారు పంపించారు. సర్వేశ్వరరావు గారిది బొబ్బిలి దగ్గర పల్లె. కాఫీ ఆకుని ఎండకి ఎత్తి పట్టుకుని, దానికి ఏ తెగులు వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో చెప్పగలరు. బండి ఎక్కడం మాత్రం ఒక్కసారే ప్రయత్నించారు. అది ఆయన్ని ఆఫీసు వెనక గుమ్మడి పాదులోకి తీసుకువెళ్ళింది. ఆ తరవాత ఇద్దరూ ఒకరి జోలికి ఒకరు పోలేదు. ఆయన నడవగలిగినంత దూరంలో ఉన్న ఊళ్ళు చూసి వచ్చేవారు. బండి వరండాలో ఉండేది. నేను తుడిచేదాన్ని. ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి.

ఎనభై ఒకటో సంవత్సరం, పోడు కాల్చే రోజులు మొదలవుతుండగా ఒక ఉత్తరం వచ్చింది. సర్వేశ్వరరావు గారు దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ తీసి మూడోసారి చదివారు.

“ఏటి సారూ?” అన్నాను.

“సెక్రటరీ గారు వత్తన్నారు. మూడు వారాల్లో. బండి కొండెక్కుతందో లేదో కళ్ళారా సూత్తారట. ఎక్కకపోతే కొయ్యూరు బ్రాంచికి పంపించెత్తారట.”

“మరి నేను?”

“బండి ఎల్లిపోయాక తుడిచీ మనిసెందుకే గుంటా?”

కోపంగా అనలేదు. టైము ఎంతయిందని అడిగితే చెప్పినట్టు అన్నారు. వరండాలోంచి చూస్తే రైలు కట్ట కనిపిస్తుంది. కట్ట పక్కన కొత్త కంకర కుప్ప పోసి ఉంది.

స్టేషను దగ్గర లారీలు బాగుచేసే భీముడు మా ఊరివాడు. వరసకి అన్న అవుతాడు. సర్వేశ్వరరావు గారికి బండి నేర్పమని నేనే వెళ్ళి అడిగాను. కోత అయిపోయిన మడిలో పాఠం మొదలైంది.

“క్లచ్చి పట్టుకోండి బావూ. గేరెయ్యండి. ఇప్పుడు నెమ్మదిగా ఒదలండి,” అన్నాడు భీముడు.

సర్వేశ్వరరావు గారు వేడి గిన్నెని వదిలినట్టు వదిలారు. బండి వెళ్ళింది. ఆయన ఉండిపోయారు. రెండో రోజు ఆయన కూడా బండితో వెళ్ళారు. అది ఇంకా కష్టమైంది. మూడో రోజు ఆఫీసులోంచి ముక్కాలి పీట తెచ్చుకుని గట్టు మీద కూర్చున్నారు.

“ముందు నువ్వెక్కి సూపించు గుంటా. నేను సూసి నేర్సుకుంటాను,” అన్నారు.

నేను ఎక్కాను. ఆయన చూడడం చివరిదాకా మానలేదు.

మా వైపు ఆడవాళ్ళ చీర మోకాలి దాకానే ఉంటుంది. కిందనుంచి వచ్చినవాళ్ళకి అది లోపంగా కనిపించేది. బండికి కనిపించలేదు. మడిలో తిరగడం రెండు రోజుల్లో వచ్చింది. ఆ తరవాత భీముడు నన్ను గెడ్డలోకి దింపాడు. నీళ్ళు ఎండిన గెడ్డ, అడుగంతా గుండ్రాళ్ళు.

“రాళ్ళొస్తే సీటు మీద కూకోకు, నిలబడు,” అన్నాడు. “కూకుంటే నీ నడుం ఇరుగుతాది. నిలబడితే బండి నడుం ఇరుగుతాది.”

“బండి నడుం ఇరిగితే?”

“నాకు పని.”

మొదటి వారం పడినవి లెక్కపెట్టాను. రెండో వారం మానేశాను. పశువుల కాపరులు గెడ్డ ఒడ్డున చేరి, ఏ రాయి దగ్గర పడతానో ముందే చెప్పేవారు. వాళ్ళు చెప్పిన రాయి దగ్గర పడకూడదని చూసి, పక్క రాయి దగ్గర పడేదాన్ని. కొండ ఎక్కేటప్పుడు గేరు మార్చకూడదని, మొదటినించీ చిన్న గేరులోనే పోవాలని, మధ్యలో భయపడి ఆపితే మళ్ళీ కదలదని నేర్చుకున్నాను. సాయంత్రాలు భీముడు ప్లగ్గు విప్పించి గరుకు కాగితంతో రుద్దించేవాడు. బండిలో ప్రతి భాగం నాకు ముందే తెలుసు. ఏది ఎందుకుందో ఇప్పుడు తెలిసింది.

ఈ బండికి ఒక పద్ధతి ఉంది. నూనె విడిగా పొయ్యరు, పెట్రోల్లోనే కలుపుతారు. లీటరుకి రెండు మూతలు. నూనె లేకుండా నడిపితే ఇంజను లోపల పట్టేసి చచ్చిపోతుందని భీముడు చెప్పాడు. ఇంతలో లారీ బాగుచెయ్యడానికి జయపురం వెళ్ళాడు. అతను వెళ్ళిన మర్నాడే డబ్బాలో నూనె అయిపోయింది.

“ఇశాపట్నానికి రాత్తే?” అన్నాను.

“రాత్తే సెక్రటరీ గారికి తెలిసిపోదేటి, మనం ఇప్పుడే నేర్సుకుంటన్నామని?” అన్నారు సర్వేశ్వరరావు గారు. మనం అన్నారు.

మా లోయలో వలిసె పూస్తే కొండలు పసుపుగా ఉంటాయని చూడ్డానికి జనం వస్తారు. మాకది నూనె. దాంతో వండుతాం, తలకి రాస్తాం, పగిలిన మడమలకి రాస్తాం, తలుపు కీచుమంటే పోస్తాం, బండి ఇరుసుకి పట్టిస్తాం. ఎందులోనూ అది పని చెయ్యకపోవడం నేను చూడలేదు. ఇంటికి వెళ్ళి సీసాడు తెచ్చాను.

“మోటారు కూడా మన నూనే తాగుతాదా?” అంది మా అమ్మ.

“తాగుతాది.”

“మంచి బండి,” అంది.

బండి బాగానే నడిచింది. తేడా అల్లా పొగలో వచ్చింది. వెళ్ళిన దారంతా గారెలు వేయించినట్టు వాసన వచ్చేది. ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చి ఎవరింట్లో పండగో అని చూసేవారు. ఊరకుక్కలు నా వెనక వరసగా వచ్చేవి. గట్టు మీద కూర్చున్న సర్వేశ్వరరావు గారు పదకొండు గంటలకే ఆకలేస్తోందని లేచిపోయేవారు. తొమ్మిది రోజులు అలా నడిపాను. చివరి రెండు రోజులు బండి కొంచెం బద్ధకంగా ఉందనిపించింది. నాక్కూడా ఉంది. పట్టించుకోలేదు.

సెక్రటరీ గణపతిరావు గారు పొద్దుటి పాసింజరులో దిగారు. సన్నటి మనిషి. నవ్వరు, కసరరు. సర్వేశ్వరరావు గారు కుడి చేతికి కట్టు కట్టుకుని ఎదురెళ్ళారు.

“కొండ మీద బొండగుడ వెళ్ళి, అక్కడి తోటలో తుప్పు తెగులు పట్టిన ఆకు కోసుకుని రావాలి. మధ్యాహ్నం నా రైలుకి ముందు రావాలి. లేకపోతే బండిని లారీ ఎక్కించెయ్యండి,” అన్నారు సెక్రటరీ గారు.

“సెయ్యి బెణికిందండి,” అన్నారు సర్వేశ్వరరావు గారు.

“నేను ఎల్తాను సారూ,” అన్నాను.

సెక్రటరీ గారు నన్ను చూశారు. “నువ్వెవరు?”

“గంగ. బండి తుడుస్తాను.”

“నడపడం ఎవరు నేర్పారు?”

“నేనే దగ్గరుండి సూసుకున్నానండి,” అన్నారు సర్వేశ్వరరావు గారు. అది అబద్ధం కాదు.

“బండి కొండ ఎక్కాలని రాశాను. ఎవరు ఎక్కించాలో రాయలేదు,” అని సెక్రటరీ గారు పేపరు విప్పుకున్నారు.

గెడ్డ దాటాను, పడలేదు. ఏటవాలు మొదలైన చోట చిన్న గేరులోకి వచ్చి నిలబడ్డాను. సగం దూరం ఎక్కేసరికి బండి గొంతు మారింది. ఎంత తిప్పినా అరుపు లేదు, బలం లేదు. ఒక పెద్ద రాయి ముందు ఆగిపోయింది.

ప్లగ్గు విప్పి రుద్దాను. కదల్లేదు. మళ్ళీ తన్ని, సైలెన్సరు చివర చెయ్యి పెట్టి చూశాను. గాలి సరిగ్గా రావడం లేదు. వచ్చేది ఉబ్బసం మనిషి ఊపిరిలా ఉంది. మర విప్పి లోపలి గొట్టం లాగాను. గొట్టానికి ఉన్న చిల్లులన్నీ నల్లటి మడ్డితో పూడిపోయి ఉన్నాయి.

దాన్ని చూడగానే గుర్తుపట్టాను. ఇంట్లో మూకుడుకి పట్టేది అదే. వలిసె నూనె మడ్డి గోకితే రాదు, బూడిదతో తోమితే రాదు. పొయ్యిలో బోర్లించి ఎర్రగా కాలిస్తే పెచ్చులుగా లేస్తుంది. పొయ్యి లేదు. కాని పై మలుపు దగ్గర ఎవరో పోడు కాల్చారు, మొద్దులు ఇంకా నిప్పు మీద ఉన్నాయి. బండిని దారిలోనే రాయి ఆసరాతో ఉంచి, గొట్టం పట్టుకుని నడిచి వెళ్ళి నిప్పుల్లో దూర్చాను.

పోడు కాపలా ముసలాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఏటి వండుతున్నావు?”

“గొట్టం.”

ఆయన కాసేపు వాసన చూశాడు. “ఉప్పుందా?” అన్నాడు.

గొట్టం ఎర్రబడేదాకా ఆగాలి. ఆగాను. నా వెనక ఉన్న ఎండ నెత్తి మీదికి వచ్చింది. కర్రతో బయటికి లాగి, చల్లారాక రాతికేసి కొడితే నలుపంతా పెచ్చులుగా రాలింది. చిల్లుల్లోంచి ఆకాశం కనిపించింది. మళ్ళీ బిగించి తన్నాను. బండి అరిచింది. ముసలాయన లేచి వెనక్కి వెళ్ళాడు.

బొండగుడలో ఆకు కోసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగాను. ఆఫీసుకి వచ్చేసరికి తలుపుకి తాళం ఉంది. పేపరు మడిచి బల్ల మీద ఉంది. బండి ఆపకుండా స్టేషనుకి పోనిచ్చాను.

ఇద్దరూ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. పాసింజరు టైము దాటిపోయింది గాని, అది ఇంకా రాలేదు. ఇనుపరాయి గూడ్సు వెళ్తోంది. నేను ఆకు చాపాను. సెక్రటరీ గారు ఏదో అన్నారు, నేను ఏదో అన్నాను. గూడ్సు పెట్టెలన్నీ వెళ్ళేదాకా ముగ్గురం అలాగే నిలబడ్డాం.

“ఆలస్యం,” అన్నారాయన, చప్పుడు తగ్గాక.

“సైలెన్సరు పూడిపోయింది సారూ. ఇప్పి కాల్చాను.”

“ఎందుకు పూడింది?”

సర్వేశ్వరరావు గారు దగ్గారు. ఆ దగ్గు నాకు అర్థమైంది. బండిదే తప్పంటే కొయ్యూరు పోతుంది. నాదే అంటే నేను కట్ట మీదికి పోతాను. మూడో జవాబు ఆలోచించాను, దొరకలేదు.

“అసలు నూనె అయిపోతే వలిసె నూనె కలిపాను సారూ. తొమ్మిది రోజులు.”

“వంట నూనె?”

“అదే సారూ.”

ఆయన ఆకుని సర్వేశ్వరరావు గారికి ఇచ్చారు. “ఇది తుప్పు తెగులేనా?”

సర్వేశ్వరరావు గారు ఆకుని కుడి చేత్తో ఎత్తి ఎండకి పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. “తుప్పేనండి. నెలై ఉంటాది. కింద కొమ్మల్లో మొదలై ఉంటాది. బేగి మందు కొట్టకపోతే తోటంతా ఎల్లిపోతాది.” అన్నాక, ముగ్గురం ఆయన చేతి కట్టు వంక చూశాం. ఆయన చెయ్యి దింపారు.

“నెల కిందటే మీరు అక్కడ ఉండాలి,” అన్నారు సెక్రటరీ గారు. “బండి ఇక్కడే ఉంటుంది. ఈ అమ్మాయి నడుపుతుంది. మీరు వెనక కూర్చుని ఆకులు చూడండి.”

“ఎనకాలాండీ?”

“ముందు కూర్చుంటారా?”

పాసింజరు వచ్చింది. సెక్రటరీ గారు ఎక్కి, కిటికీలోంచి నన్ను పిలిచారు. నాకేదైనా మంచి మాట చెబుతారనుకున్నాను.

“నూనె డబ్బా సోమవారం పాసింజరులో పంపిస్తాను. అది వచ్చేదాకా బండి ముట్టుకోకు,” అన్నారు.

మంగళవారం ఇద్దరం బొండగుడ వెళ్ళాం. గెడ్డ దాటేటప్పుడు సర్వేశ్వరరావు గారు కళ్ళు మూసుకున్నారు. ఏటవాలు మొదలవగానే నా భుజాలు గట్టిగా పట్టుకుని దేవుళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టారు, ఊరు వచ్చేసరికి రెండో విడత చెబుతున్నారు. దిగాక ఆయన్ని ఒక అరుగు మీద కూర్చోబెట్టాను.

మా కొండల్లో ఒక మనిషి ఇంకో మనిషిని మోసుకొచ్చాడంటే అది రోగమే. ఆ ఇంటి ముసలమ్మ బయటికి వచ్చి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“బావుకి ఏటి జబ్బమ్మా?” అంది నాతో, మెల్లిగా.

“జబ్బు కాదు అవ్వా. ఫీల్డుమేను.”

“అయ్యో. ఎన్నాళ్ళ బట్టి?”

“పన్నెండేళ్ళ బట్టి.”

ఆవిడ నాలిక చప్పరించి లోపలికి వెళ్ళి, పెద్ద చెంబుడు చోడిపిండి అంబలి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తాగారు. నేను ఆకులు కోసుకు రావడానికి తోటలోకి వెళ్ళాను.