ముసున్ ఛెక్

2004 వేసవిలో గుంటూరులోని షిరీన్ పుస్తకాల కొట్టుకు ఒక కొరియా ఆవిడ రెండుసార్లు వచ్చి, ఏవో సైగలు చేసి, వట్టి చేతులతో వెళ్లిపోయింది. నూలు మిల్లులో యంత్రాలు బిగించే ఇంజనీరు భార్య ఆవిడ. షిరీన్‌కు మనసొప్పలేదు. ఆ ఇంజనీరు కారు నడిపే తమ్ముడు అష్రఫ్‌ను పట్టుకుంది.

“ఒరేయ్, ఏ పుస్తకం కావాలని వాళ్ల భాషలో ఎట్టా అడగాలిరా?”

“‘ముసున్ ఛెక్’ అంటే ఏ పుస్తకమని అక్కా. ‘ఈ ఛెక్’ అంటే ఈ పుస్తకం.”

“మనలాగే ‘ఈ’ అంటారా!” షిరీన్ పకపకా నవ్వింది.

మర్నాడు ఆవిడ రాగానే “ముసున్ ఛెక్?” అని అడిగింది. ఆవిడ సంబరంగా ఏదేదో చెప్పుకుపోయింది. షిరీన్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా వదలకుండా, ఒక్కో పుస్తకం తీసి చూపిస్తూ “ఈ ఛెక్?” అంటూ పోయింది. పదకొండోది తెలుగు అక్షరాల పుస్తకం. ఆవిడ చటుక్కున అందుకుని, ‘అ’ మీద వేలు పెట్టి, పలకమన్నట్టు షిరీన్ వంక చూసింది.