గోడవతల గుర్రు

నోట్లో స్క్రూడ్రైవరు కరుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని, కంప్యూటరు డబ్బాకు చెవి ఆనించి వింటున్నాడతను. డాక్టరు రోగి వీపు మీద గొట్టం పెట్టి విన్నట్టే. రాగానికీ రోగానికీ ఎంతో దూరం లేదు. రెండూ లోపల ముదిరాకే బయటపడతాయి.

ఈ రోగం పేరు గుర్రు. మురళిలాంటి సన్నటి స్వరం పైకి లేస్తుంటే దాని కింద, పెళ్లిలో భోంచేసిన మావయ్య కునుకు తీసినట్టు, “గుర్ర్ర్” అని ఒకటే మోత. కాసేపు ఆగుతుంది, మళ్లీ ఎత్తుకుంటుంది.

బస్టాండులో అందరూ అతన్ని మైకు అంటారు. బస్సుల రాకపోకలు చెప్పే గదిలో మైకు మీట నొక్కడం అతని ఉద్యోగం. చెప్పేది పక్క కుర్చీలో ఆవిడ. ఇన్నేళ్లలో ఆ మైకులో అతని గొంతు ఒక్కసారే వినపడింది, అదీ దగ్గు. ఇంటికొస్తే ఒక మంచం, ఒక పళ్లెం, ఒక గ్లాసు. ఆ గదిలో బహువచనం చెప్పులకు మాత్రమే ఉంది.

కంప్యూటరు ఆఫీసువాళ్లు తుక్కు కింద పారేస్తుంటే తెచ్చుకున్నది. బాణీలు కట్టే పాత ప్రోగ్రాము ఒకటి దాంట్లోనే నడుస్తుంది. కొత్త కంప్యూటర్లు దాని మొహం చూడవు. ఒక్కో స్వరాన్నీ గళ్లలో పేర్చుకుంటూ పోవాలి. పేర్చిన స్వరాలకు గొంతునిచ్చేది మాత్రం డబ్బా లోపల గుచ్చిన సౌండు కార్డు. ఇతని కార్డు చవకది. ఇంట్లో ఏ మోటారు తిరిగినా ఆ మోతను కూడా పాటలో కలిపేసుకునే కలుపుగోలు రకం.

మోటారు గోడవతలది. ఒకే ఇంటిని రెండు గదులుగా విడగొట్టి, ఒకే కరెంటు తీగ మీద ఇద్దరిని అద్దెకు పెట్టారు. అవతల కుట్టుమిషనావిడ.

“ఏం తమ్ముడూ, పాట ఇవాళ కూడా పాడయిందా?” అంది గోడవతలి నుంచి, మిషను ఆపి.

“లేదక్కా.”

“అబద్ధాలాడకు. నీ డబ్బా వెలిగితే నా రేడియో బరబరమంటుంది. నా మిషను తిరిగితే నీ డబ్బా గుర్రుమంటుంది. ఒక వంటింట్లో అత్తాకోడళ్లలా తయారయ్యాం.”

“ఏం కుడుతున్నావు?”

“నీ యూనిఫాం చొక్కానే. కాలరు అరిగిపోయింది కదా, తిరగేసి వేస్తున్నా. ఆపమంటే చెప్పు, ఆపేస్తా.”

ఆపమంటే నిజంగానే ఆపేస్తుంది. కానీ ఆవిడ మిషను ఆగితే పొయ్యి కూడా ఆగుతుంది. “వద్దులే, కానీ,” అన్నాడు.

“గుండీ చేత్తో కుట్టాలి. సాయంత్రం వచ్చి పట్టుకెళ్లు. గోడతో మాట్లాడి మాట్లాడి నీ మొహమే మర్చిపోయాను!”

మళ్లీ గుర్రు. డబ్బా పాడింది పాడినట్టు తీగ గుండా పక్కనున్న టేపురికార్డరులోని క్యాసెట్టు మీదికి ఎక్కుతోంది. పాడైన పాటను దాని మీంచి ఎప్పటికప్పుడు చెరిపేయడం అతని అలవాటు. ఇవాళ బస్సు తప్పిపోయేలా ఉంది. క్యాసెట్టు అలాగే వదిలేసి పరుగెత్తాడు.

బస్టాండులో మేనేజరు తలుపు దగ్గరే పట్టుకున్నాడు. ప్రకటనకు ముందు మోగే గంట పగిలిన గిన్నెలా ఉందని ప్రయాణికులు నవ్వుతుంటే, దాని బదులు తన బాణీ వేయమని వారం కిందట నోరు తెరిచి అడిగాడు మైకు. ఆ నోరు తెరిచినందుకే మేనేజరు ఆశ్చర్యపడి సరేనన్నాడు.

“రేపు పొద్దున పైనుంచి అధికారులు వస్తున్నారు. అప్పటికి క్యాసెట్టు నా చేతిలో ఉండాలి. శుభ్రంగా ఉంటే నీ పాట, లేకపోతే పాత గంట. తర్వాత నన్ను అడక్కు.”

“ఇస్తానండి. కంప్యూటర్లో కార్డు మార్చి శుభ్రంగా తెస్తాను.”

రోజంతా మీట నొక్కాడు, వదిలాడు. ఇంతవరకూ అతను చేసిందంటూ ఏదీ ఎవరూ వినలేదు. రేపు బస్టాండు మొత్తం వినొచ్చు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా మీట ఒక క్షణం ముందే నొక్కేస్తున్నాడు.

డ్యూటీ దిగి పాత సామాన్ల కొట్టుకి వెళ్లాడు. కొట్టాయన కంప్యూటరు చిప్పులు అమ్ముతాడు, బేరమాడినవాళ్ల చేతికి చిప్ప ఇస్తాడు.

“రావయ్యా మైకూ! కార్డు కావాలా? పెళ్లి కార్డు తప్ప అన్నీ ఉన్నాయి. అది నువ్వూ వేయించలేదు, నాకూ ఇవ్వలేదు.”

నవ్వే ఓపిక లేదతనికి. తన పాత డబ్బాలోని పొడుగు స్లాటు గాడిలో పట్టే కార్డులన్నీ ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి, అంచున ఉండే బంగారు పూత పళ్లు చూసి, వాసన కూడా చూశాడు. కాలిన వాసనొస్తే పక్కన పెట్టాడు. చివరికి రెండు మిగిలాయి.

“ఇది సంసారి,” అన్నాడు కొట్టాయన ఒకటి చూపించి. “వయొలిన్లు, డ్రమ్ములు అన్నీ దీని కడుపులోనే ఉన్నాయి. అదేమో సన్యాసి. గొంతు ఒక్కటే, కానీ లోకం మోత దగ్గరికి రానివ్వదు. రెండూ పట్టుకెళ్లి విను. నచ్చనిది తెచ్చెయ్.”

ఇంటికొచ్చి, కార్డులు పట్టుకుని తిన్నగా గదిలోకి దూరి దీపం వేశాడు. రబ్బరుతో సంసారి పళ్లు శుభ్రంగా తోమి, స్లాటులో గుచ్చి, హెడ్‌ఫోన్సు పెట్టుకున్నాడు. సాయంత్రం పూట గోడవతల మిషను ఊపిరి పీల్చుకోదని అతనికి తెలుసు. అసలు పరీక్ష ఇప్పుడే.

గుర్రు లేదు. మురళి మురళిలా ఉంది. వెనక వయొలిన్లు తేనె కారుతున్నాయి.

ఆనందం పట్టలేక సన్యాసిని కూడా గుచ్చాడు. గుర్రు లేదు. రెండూ బంగారమే! అయితే ఏది ఉంచుకోవాలి? ఎంత తేడా ఉందో కొలుచుకుందామని పాత చవక కార్డును తీసి గుచ్చాడు.

గుర్రు లేదు.

తీగ కదిపాడు. కార్డు ఊడదీసి మళ్లీ గుచ్చాడు. శబ్దం పెంచాడు, ఇంకా పెంచాడు. మురళి కింద ఖాళీ. హెడ్‌ఫోన్సు మెల్లగా తీసి గోడకు చెవి ఆనించాడు. గోడ చల్లగా ఉంది.

“అక్కా,” అన్నాడు. “కాలరు అయిందా?”

వరండాలోకి వచ్చేసరికి పక్క గదికి తాళం ఉంది. మేడ మీద ఉండే ఇంటి యజమానురాలు మెట్లు దిగి వచ్చింది.

“వచ్చావా నాయనా? మధ్యాహ్నం పిలిస్తే పలకలేదు. తలుపు తోసి చూస్తే మిషను మీద తల ఆనించుకుని ఉంది. నిద్రనుకున్నా... వాళ్ల అన్న కొడుకు వచ్చి తీసుకెళ్లిపోయాడు. అంతా అయిపోయింది కూడా. నీకు కబురు చేద్దామనుకున్నా. కానీ ఏమవుతావని చెప్పను? చుట్టానివి కావాయె.”

అతను తల ఊపాడు. ఏమవుతాడో అతనికీ తెలీదు.

“ఈ చొక్కా నీదేగా? ఆవిడ ఒళ్లో ఉంది.”

చొక్కా ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. తర్వాత క్యాసెట్టు వెనక్కి తిప్పి, పొద్దుటి పాట పెట్టాడు.

మురళి లేచింది. కింద గుర్రు మొదలైంది. అతని వేలు తనంతట తనే కాలరు అంచు మీదికి వెళ్లింది. గుర్రు సాగినంతసేపూ కుట్టు వెంబడి నడిచింది. మూల దగ్గర గుర్రు ఆగింది. అక్కడ ఆవిడ బట్ట తిప్పి ఉంటుంది. మళ్లీ మొదలైంది, మళ్లీ వేలు కదిలింది. ఒకచోట మోత ఆగిపోయి మురళి ఒక్కటే మిగిలింది. ఆవిడ పాట పాడయిందా అని అడిగింది అప్పుడే. ఆ మాట క్యాసెట్టులోకి రాలేదు. ఆవిడ గొంతు తీగల్లో పారేది కాదు.

మర్నాడు మేనేజరు వింటూ మొహం చిట్లించాడు.

“వెనకాల ఏదో గుర్రుమంటోందేంటయ్యా? కార్డు మారుస్తానన్నావుగా?”

“మార్చి చూశానండి. ఇదే బాగుంది.”

“శుభ్రంగా ఉండాలని చెప్పానా లేదా?”

“ఇదే వెయ్యండి. లేకపోతే గంటే ఉంచండి.”

మైకు ఎదురు చెప్పగా మేనేజరు ఎన్నడూ వినలేదు. మళ్లీ ఒకసారి పెట్టి విన్నాడు. “సర్లే, బస్సుల మోతలో ఎవడికి వినపడుతుంది,” అని క్యాసెట్టు చేతికిచ్చాడు.

మొదటి బస్సు ప్రకటనకు ముందు పాట మోగింది. ఎవరూ తలెత్తలేదు. పెట్టెలు మోసుకుంటూ, టిక్కెట్లు వెతుక్కుంటూ, పిల్లల్ని లాక్కుంటూ జనం దాని కింద నుంచే నడిచిపోయారు. పక్క కుర్చీలో ఆవిడ ప్రకటన చదివింది. అతను మీట వదిలాడు.

యూనిఫాం ఏదని ఎవరైనా అడిగితే చూపించడానికి తెచ్చాడు, వేసుకోలేదు. కుర్చీ వీపుకు తగిలించిన ఆ చొక్కా మెడ దగ్గర, సగం కుట్టిన గుండీ నుంచి దారం కిందికి జారి, దాని చివర సూది ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతోంది.