పెలికాన్ టోపీ

చార్జింగు ర్యాకులోంచి ఒక్కో క్యాప్ ల్యాంపూ తీసి, స్విచ్చి నొక్కి, అరచేతి మీద వెలుగు పడిందో లేదో చూసుకుని ఆగయ్య కిటికీలోంచి బయటికి అందిస్తున్నాడు. అవతలి చెయ్యి ల్యాంపు అందుకుని ఇత్తడి టోకెను ఇస్తుంది. ఆ టోకెను గోడమీది బోర్డులో తన నంబరున్న మేకుకు ఎక్కుతుంది. మనిషి బొగ్గుబాయిలో ఉన్నంతసేపూ అది అక్కడే ఉంటుంది. పైకొచ్చినవాడు ల్యాంపు తిరిగిచ్చి తన టోకెను తాను తీసుకుపోతాడు. షిఫ్టు అయిపోయాక బోర్డుమీద ఒక్క టోకెను మిగిలినా దాని మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ఈ గదిలో పని చేయడానికి ఇంతకు మించిన చదువు అక్కర్లేదు.

జనవరి ఆఖరు. బయట వరుసలో నిలబడ్డవాళ్ల నోళ్లలోంచి పొగలొస్తున్నాయి. లోపల ఆగయ్య చొక్కా మాత్రం చెమటకు వీపుకు అతుక్కుపోయింది. ఎడమ భుజంలో తెల్లవారుజామున మొదలైన పోటు మోచేతి దాకా దిగింది.

"ఇగ రేపటి సంది హాయిగ పండుకోరాదే ఆగన్నా" అన్నాడు వరుసలో ఒకడు, ల్యాంపు నెత్తికి తగిలించుకుంటూ. "కాలు చెయ్యి ఆడంగనే దిగిపోతున్నవ్. గంతకంటె ఏం గావాలె?"

ఆగయ్య నవ్వి తర్వాతి ల్యాంపు అందుకున్నాడు. ఆ రోజుతో ఆయన కొలువు సరి. షిఫ్టు అయిపోయాక సన్మానం ఉంది. బంతిపూల దండ అప్పుడే వచ్చి మూలన బకెట్లో నీళ్లలో మునిగి ఉంది.

పొట్టి మనిషి. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ల అంచుల్లో బొగ్గు నుసి ఎన్ని సబ్బులు అరగదీసినా పోలేదు. కుడిచేతి చిటికెనవేలు మీద గోరు లేదు. నెత్తిన ఎప్పుడూ వెలిసిపోయిన నీలం టోపీ, దాని ముందువైపు సంచిలాంటి ముక్కున్న పెలికాన్ పక్షి. చెప్పుకోవడానికి ఆయన బతుకులో ఏముంది? వయసులో ఉండగా బాయిలో దిగి బొగ్గు నింపాడు. తర్వాత మిషన్ల దగ్గర హెల్పరుగా చేశాడు. ఛాతీలో బలం తగ్గాక పైకొచ్చి ఈ గదిలో పడ్డాడు. యూనియన్లో లీడరు కాలేదు, తాగి ఎవరి కాలరూ పట్టుకోలేదు. పక్క క్వార్టరువాళ్లకు కూడా ఆయన గొంతు సరిగ్గా తెలియదు.

ఈ బొగ్గు ఊళ్లలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. సర్వీసులో ఉండగా తండ్రి పోతే కొడుక్కి కొలువు. డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే కొడుక్కి కొలువు. బాగుండి దిగిపోతే శాలువా. ఆగయ్య అన్‌ఫిట్‌కు అర్జీ పెట్టుకునేసరికి మిగిలిన సర్వీసు చాలదన్నారు. అర్జీ వెనక్కొచ్చింది.

కొడుకు వీరేందర్ కాంట్రాక్టరు దగ్గర మట్టి టిప్పరు తోలుతాడు. ఈ నెల పని ఉంటే వచ్చే నెల ఉంటుందన్న నమ్మకం లేదు. ఇద్దరు పిల్లలు. మొన్న దసరానాడు తాగొచ్చి గడపలో కూలబడి, "మా బాపు మంచిగుండుడే మాకు కీడైంది" అన్నాడు. తల్లి సారవ్వ చెంప పగలగొట్టింది. తెల్లారి వాడు తండ్రి కాళ్లు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. వాడు చెడ్డవాడు కాదు. ఆగయ్య ఆ మాటను కోపంగా గుర్తుపెట్టుకోలేదు. వాడన్నదాంట్లో తప్పేముంది అనుకున్నాడు. అలా అనుకోవలసి రావడమే ఆయనకు ఎక్కువ బాధ.

షిఫ్టువాళ్లంతా బాయిలోకి దిగిపోయారు. వరుస ఖాళీ అయింది. మధ్యాహ్నానికి ల్యాంపు గదిలో ఆయనా, తిరుమలా మాత్రమే ఉన్నారు. తిరుమల డిగ్రీ చదివిన పిల్ల. భర్త బాయి మీది స్నానాల గదిలో గుండె ఆగి పడిపోతే ఆయన బదులు ఈ కొలువులో చేరింది. కొత్తలో ఒకసారి అన్నం డబ్బా ముందు పెట్టుకుని, "ఆయన పానం పోతె వచ్చిన కొలువు కాకా ఇది. ముద్ద దిగుతలేదు" అంది. అప్పుడు ఆగయ్య తన డబ్బాలోంచి మామిడికాయ తొక్కు తీసి ఆమెకు వేశాడు.

"కాకా, మొకమేంది గట్లైంది? చెమటలు కారుతున్నయ్" అంది ఇప్పుడు.

"పొద్దుగాల సరిగ తినలే బిడ్డా."

"గోలి ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

గుండెలో నొప్పొస్తే నాలుక కింద పెట్టుకుని జల్ది దవాఖానకు రమ్మని డాక్టరు ఇచ్చిన గోలీలు అవి. ఆ పట్టీని ఆగయ్య టోపీ లోపలి మడతలో దోపుకుని తిరుగుతాడు. చొక్కాలు మారతాయి గానీ టోపీ మారదు కదా అని ఆయన తెలివి.

ఫోను తీసి ల్యాంపుల ర్యాకుకు ఆనించాడు. అక్కడ ఆస్ట్రేలియాలో సాయంత్రమైతే ఇక్కడ మధ్యాహ్నం. పోర్ట్ హేవెన్ పెలికాన్స్ ఈ సీజనులో ఆడే ఆఖరి మ్యాచు. ఊరు ఊరంతా క్రికెట్ అని ఊగిపోతుంటే ఈయనకు ఈ బేస్‌బాల్ పిచ్చేమిటని అందరూ ఆట పట్టించేవాళ్లు. పట్టించి పట్టించి వాళ్లే అలిసిపోయారు.

ఆ పిచ్చి అంటించినవాడు కెవిన్. బొగ్గు కోసే పెద్ద మిషను ఆస్ట్రేలియా నుంచి వచ్చినప్పుడు దానితోపాటు వచ్చిన ఫిట్టరు. ఆగయ్య ఆయనకు హెల్పరు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆదివారాలు గెస్ట్‌హౌసు వెనక మైదానంలో పార కామను బ్యాటు చేసి కెవిన్ ఆట నేర్పాడు. తన జట్టు కథ చేతులతో, బొమ్మలతో, వచ్చిన నాలుగు మాటలతో చెప్పాడు. ఓడలకు బొగ్గెత్తే రేవు కూలీలు పెట్టుకున్న జట్టట అది. ఒకే ఒక్కసారి కప్పు గెలిచింది. తర్వాత లీగు దివాలా తీసి మూతపడింది. ఏళ్ల తరబడి ఆట లేదు. అయినా అభిమానులు శనివారం శనివారం వచ్చి మైదానంలో గడ్డి కోశారట. కోసి, ఖాళీ చెక్క గ్యాలరీలో కూర్చుని టీ తాగి ఇళ్లకు పోయారట. మళ్లీ లీగు మొదలైననాడు ఒక ముసలామె తారు పీపాకు తోలు బిగించిన డోలు తెచ్చి వాయించింది. ఇప్పటికీ ఆమే వాయిస్తోంది. జట్టు ఇప్పటికీ ఓడిపోతూనే ఉంది. ఆగయ్యకు అన్నిటికంటే ఆ గడ్డి కోసిన సంగతే మనసుకు పట్టింది. వెళ్లిపోతూ కెవిన్ తన టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టాడు.

మ్యాచుతోపాటు కింద అభిమానులు రాసుకునే మాటలు పోతుంటాయి. వాళ్లకు ఆగయ్య తెలుసు. 'ఇండియా బొగ్గాయన వచ్చాడా' అని అడుగుతారు. ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి తిరుమల రాసిపెడుతుంది. ఇవాళ ఆయన రిటైరవుతున్నాడని కూడా ఆమే రాసింది.

"నువ్వెన్నడన్న చెప్తివా కాకా, దీంట్ల ఏం మజా ఉన్నదో?"

"క్రికెట్ల ఎంత దూరం కొడితె గంత లెక్క. గీ ఆటల గట్ల కాదు. బ్యాటు పట్టుకుని నిలబడె జాగను ఇల్లంటరు. ఇంటికాడికెల్లి బయల్దేరినోడు మల్ల ఇంటికొస్తెనే ఒక్క పరుగు. నడుమ ఆగిపోయినోడు ఎంత ఉరికినా లెక్కకు రాడు."

"బాయి తీర్గనే."

"గదే." ఊపిరి అందుకుని, "ఇంకోటున్నది. ఒకడు ఇల్లు దగ్గరికొచ్చి ఆగిపోయి ఉంటడు చూడు. బ్యాటు పట్టుకున్నోడు బంతిని కొట్టడు, గట్ల ఊకె ముట్టిస్తడు. తనను అవుట్ చేసెతందుకు వాళ్లు ఉరుకుతరు. గా సందుల వీడు ఇంటికి చేరుకుంటడు. గప్పుడు మా పెలికానోళ్లు కేకలెయ్యరు. లేసి నిలబడి టోపీలు తీస్తరు."

"కావాలనే అవుటైతడా? పిచ్చి ఆట. అవుటైనోనికి ఏమొస్తది?"

"ఏమొస్తది. టోపీలు తీస్తరు."

పోటు ఛాతీ మధ్యకు వచ్చి కూర్చుంది. ఆయన స్టూలు అంచు పట్టుకున్నాడు. తిరుమల లేచింది. "దవాఖానకు పోదాం పా కాకా. అంబులెన్సు పిలుస్త."

"ఆగు. గాబరా పడకు. గ్యాసు. క్యాంటీన్ల వేడి వేడి చాయ్ పట్కరా, సరిపోతది. సన్మానం పూట దవాఖానంటె నవ్వుతరు."

ఆమె నమ్మలేదు. అయినా పెద్దమనిషి మాట. ఫ్లాస్కు తీసుకుని ఉరికినట్టే నడిచింది.

గదిలో ఒక్కడే మిగిలాడు. చెయ్యి టోపీ దాకా పోయింది. పట్టీ గరుకుగా వేళ్లకు తగిలింది. ఒక్క గోలి. నాలుక కింద పెట్టుకుంటే ఈ పూట గడుస్తుంది, రేపవుతుంది. రేపు శాలువా కప్పుకుని ఇంట్లో కూర్చుంటాడు. వీరేందర్ ముఖం దాచుకుంటూ టిప్పరు తోలడానికి పోతాడు. మనుమరాలు తాతా అని ఒళ్లోకి వస్తుంది. సారవ్వ జొన్నరొట్టె చేస్తుంది. ఆయనకు బతకాలనే ఉంది. చాలా ఉంది. తిరుమల అన్నం డబ్బా ముందు పెట్టుకుని అన్న మాట కూడా గుర్తొచ్చింది. రేపు వీరేందర్‌కు కూడా ముద్ద దిగకపోవచ్చు. కానీ డబ్బాలో ముద్దంటూ ఉంటుంది.

ఫోనులో పెలికాన్స్ ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. ఇల్లు దగ్గరి బేసు మీద ఒక కుర్రాడు ముందుకు వంగి ఎదురు చూస్తున్నాడు. బ్యాటు పట్టినవాడు జట్టులో అందరికంటే పెద్దవాడు, మోకాలికి పట్టీ కట్టుకున్నాడు. బంతి వచ్చింది. కొట్టలేదు. బ్యాటు అడ్డం పెట్టి ముట్టించాడు. బంతి నాలుగడుగులు దొర్లింది. ముసలాడు కుంటుకుంటూ ఉరికాడు, సగం దూరంలోనే అవుటయ్యాడు. కుర్రాడు దుమ్ములో జారుకుంటూ ఇల్లు చేరాడు.

చెక్క గ్యాలరీ మొత్తం లేచింది. టోపీలు దిగాయి. చప్పుడు లేదు.

ఆగయ్య కూడా గోడ పట్టుకుని లేచాడు. టోపీ తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక క్షణం చూసి, బోర్డు మీద ఖాళీగా ఉన్న మేకుకు తగిలించాడు. తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని, ల్యాంపుల ర్యాకుకు తల ఆనించాడు.

తిరుమల ఫ్లాస్కుతో వచ్చేసరికి ఆయన కళ్లు ఫోను వైపే ఉన్నాయి. ఫోనులో ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. ఇండియాలో ఉన్న మన మిత్రుడు ఆగయ్య ఇవాళ రిటైరవుతున్నాడు, ఆయనకు నిండు ఆయుష్షు కలగాలి అంటున్నారు. ఆ మాట అయిపోగానే ముసలామె డోలు మోగింది. తిరుమల "కాకా" అని భుజం తట్టింది. మళ్లీ తట్టింది. డోలు మోగుతూనే ఉంది. ఆమె వేసిన కేకకు ఆఫీసులోవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

డాక్టరు వచ్చి నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. బకెట్లో దండ ఉంది కాబట్టి ఇంకో దండ కోసం ఎవరూ బజారుకు పోలేదు. పెలికాన్స్ ఆ మ్యాచు కూడా ఓడిపోయారు.

వీరేందర్ మట్టి బట్టలతోనే వచ్చి తండ్రి కాళ్ల మీద పడ్డాడు. "బాపూ, నేనన్న మాట తిరిగి తీస్కుంటనే. లే బాపూ" అని నేలకు తల బాదుకున్నాడు. యూనియన్ లీడరు రఘుపతి అతన్ని గట్టిగా పట్టుకున్నాడు. మంచివాడే, ఓదార్చాలనే చూశాడు. చెవి దగ్గర, "ఊకో తమ్మీ. ఇయ్యాల ఇంకా డ్యూటీ మీదనే ఉండె. నీ కొలువుకు ఫికర్ లేదు" అన్నాడు. వీరేందర్ ఏడుపు ఒక్కసారి ఆగింది. అలా ఆగినందుకు తనను తాను చూసి భయపడ్డట్టు, ఇంతకుముందు కంటే పెద్దగా ఏడ్చాడు.

ఆగయ్యను తీసుకుపోయాక తిరుమల బోర్డు దగ్గరికి వెళ్లి టోపీ అందుకుంది. ఇంటివాళ్లకు ఇవ్వాలనుకుంది. లోపలి మడతలో ఏదో గరుకుగా తగిలితే లాగి చూసింది. గోలీల పట్టీ. ఒక్క గోలీ తీసి లేదు. ఏసుకున్న అన్నాడు కదా. చాయ్‌కి పంపాడు కదా. ఆమె స్టూలు మీద కూర్చుంది. చాలాసేపటికి పట్టీని కొంగు చివర ముడేసుకుంది. ఈ సంగతి వీరేందర్‌కు తెలియకూడదు. ఇలాంటి కొలువు అన్నం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, దానికి ఇంకా ఉప్పు వేయడం ఎందుకు? టోపీని ఇంటికి పంపడానికి కూడా చెయ్యి రాలేదు. తీసిన మేకుకే మళ్లీ తగిలించింది.

బాయిలోంచి మనుషులు పైకి రావడం మొదలైంది. కిటికీలోంచి ఒక్కో ల్యాంపూ లోపలికొచ్చింది, ఒక్కో టోకెనూ బయటికి పోయింది. ఆఖరివాడు కూడా తన టోకెను తీసుకుని వెళ్లిపోయాక బోర్డు మీద మేకులన్నీ ఖాళీ అయ్యాయి, ఒక్కదానికి మాత్రం వెలిసిన నీలం టోపీ వేలాడుతూ ఉంది.