ఆండాలుకు చెప్పిన మాట

లాల్‌దర్వాజాలో ఒక సంగతి గల్లీ అంతా తెలియాలంటే ఆండాలు చెవిన వేస్తే చాలు. గుడికి మాలలు కట్టే ఆ వితంతువు చేతులెంత ఆడేవో నోరూ అంతే ఆడేది. ఎవరి కోడలు అలిగింది, ఎవరి అల్లుడి నౌకరీ పోయింది, అన్నీ పూలతోపాటు ఇల్లిల్లూ చేరేవి. అందుకని తెలివున్నవాళ్లెవరూ ఆమెకు రహస్యాలు చెప్పేవాళ్లు కాదు. పదేళ్ల అనసూయ చెప్పింది.

అనసూయ తల్లిదండ్రులు కలరా గత్తరలో పోతే చిన్నాయన వైకుంఠం తెచ్చి పెంచుకుంటున్నాడు. పగలు దఫ్తర్‌లో గుమాస్తా, సాయంత్రం భజన పెద్ద. చీమను కూడా తొక్కకుండా నడుస్తాడని పేరు. అనాథను చేరదీసినందుకు గల్లీ పెద్దలు ఆయనకు శాలువా కప్పి, చప్పట్లు కొట్టమని అనసూయకే చెప్పారు. కొట్టింది.

ఆ రోజు ఆ పిల్ల ఆండాలు పూలబుట్ట పక్కన కూచుని చాలాసేపు కనకాంబరాలు ఏరింది. ఏరి ఏరి, "పెద్దమ్మా, చిమ్టా కాల్చి పెడితే మచ్చ పోతదా?" అంది.

"ఎవలకు పెట్టిండ్రే?"

"మా దోస్తుకు."

ఆండాలు ఇంకేమీ అడగకుండా మాల కట్టుకుంటూ కూచుంది. కాసేపటికి పిల్ల, "దోస్తుకు కాదు" అని రవికె చెయ్యి పైకి జరిపింది. పట్టకారు వాతల పాత మచ్చల పక్కన ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది. "బిందె జారి పడ్డది. చిన్నాయనకు కోపమొస్తె గిట్లనే జేస్తడు. ఎవ్వరికి చెప్పకు పెద్దమ్మా."

ఆండాలు ఒట్టు పెట్టింది. పెట్టిన ఒట్టు నిలబెట్టుకోవడం ఆమెకు అలవాటు లేని పని. అన్నం సయించలేదు. అమ్మవారికి కట్టిన మాల రెండుసార్లు తెగింది.

మర్నాడు అనసూయ వచ్చి ఆమె మొహంలోకి చూసింది.

"నన్ను ఎవ్వరు ఏం అడుగుతలేరు. నువ్వు చెప్పలేదా?"

"చెప్పొద్దంటివి గద బిడ్డా."

"నువ్వు అందరికి చెప్తవంట గద." పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "గందుకే నీకు చెప్పిన."

ఆండాలు ఒడిలో పూలు నేల మీద పోసి లేచింది. దీపాలు పెట్టే వేళకు గల్లీలో తెలియని మనిషి లేడు.

పెద్దలు కదిలారు. పిల్ల మచ్చ చూసి కాదు, గల్లీ మర్యాద పోతుందని. అందరికీ పెద్ద బాలనర్సింహ తన ఇంటి అరుగు మీద పంచాయతీ పెట్టాడు. వైకుంఠానికి కుర్చీ వేశారు. అనసూయను ఆయన ఎదురుగా నిలబెట్టారు.

"భయపడకు. మీ చిన్నాయన ఏమన్న జేసిండా?" అని బాలనర్సింహ ప్రేమగా అడిగాడు.

పిల్ల చిన్నాయనను చూసింది. ఆయన చిన్నగా నవ్వాడు.

"ఏం జెయ్యలే."

న్యాయం ఇంత తొందరగా తేలినందుకు పెద్దలు ఒకరినొకరు మెచ్చుకున్నారు. అందరికీ చాయ్ వచ్చింది. పిల్లను వైకుంఠం వెంటే ఇంటికి పంపేశారు.

ఆండాలు చాయ్ తాగలేదు. తిన్నగా పోలీసు చౌకీకి పోయింది. అమీన్ సాబ్ ఇంటి లొల్లి ఇంట్లోనే చూసుకోమన్నాడు. సరేనని ఆమె గడపలో కూచుని, వచ్చేపోయే వాళ్లందరికీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. సైకిల్ పోయిందని వచ్చినవాడు తన ఫిర్యాదు మరిచి వింటూ కూచున్నాడు. చివరికి అమీన్ సాబ్ చౌకీలో పని సాగాలని రిపోర్టు రాశాడు. ఆ సాయంత్రమే అనసూయను దవాఖానాకు తీసుకుపోయారు. డాక్టరు మచ్చలు చూసి సర్టిఫికెట్ ఇచ్చాడు. కేసు తేలేదాకా పిల్ల ఆండాలు దగ్గరే ఉంది.

నయాపూల్ దగ్గరి కచేరీలో విచారణ జరిగింది. అక్కడ అంతా ఉర్దూ. తర్జుమాకు ఒక మున్షీ ఉన్నాడు. అనసూయ "చిమ్టా కాల్చి చేతికి పెట్టిండు" అంటే ఆయన దాన్ని ఎంత అందమైన ఉర్దూలోకి మార్చాడంటే, బంట్రోతు వాహ్వా అనబోయి ఆగాడు. వైకుంఠం తరఫు వకీలు విఠల్‌రావు లేచి, ఏ తారీఖు, ఏ వారం, ఎన్ని గంటలకు అని అడిగాడు.

"తెల్వదు."

"తారీఖే తెల్వనిదానికి కాలింది మాత్రం తెలుసా?"

పిల్ల తలవంచుకుంది. అంతవరకూ ఊరికే వింటున్న మేజిస్ట్రేట్ కలం కింద పెట్టాడు. తెలుగు జిల్లాల్లో పెరిగినవాడు.

"మున్షీగారూ, మీరు కూచోండి. నాకు తెలుగొస్తది" అన్నాడు. వైకుంఠాన్ని పిల్లకు కనబడకుండా వెనక్కి జరగమన్నాడు. ఆమెకు స్టూలు వేయించి పక్కన ఆండాలును కూచోబెట్టాడు. "సమజ్ కాకపోతే సమజ్ కాలే అను. తెల్వకపోతే తెల్వదను. తప్పు లేదు. పంచాయతీల ఏం జెయ్యలే అన్నవట, ఎందుకు?"

"చిన్నాయన ఆడ్నె కూసున్నడు గద." అనసూయ ఆండాలు కొంగు పట్టుకుంది. "మల్ల ఆయనెంబడే ఇంటికి పోవాలె."

విఠల్‌రావు దగ్గర ఇంకా ప్రశ్నలు ఉన్నాయి కానీ కూచున్నాడు.

వైకుంఠానికి జైలు పడింది. పిల్ల ఆండాలు దగ్గరే ఉండాలని హుకుం అయింది. బయటికి వచ్చాక అనసూయ, "ఇగ మల్ల చెప్పాల్నా?" అని అడిగింది. వద్దంటే వంతెన మీద ఆగి చాలాసేపు మూసీని చూసింది.

గల్లీ పెద్దలకు కూడా జ్ఞానోదయం అయింది. పిల్లల పెంపకం మీద ఒక సభ పెట్టారు. బాలనర్సింహ అధ్యక్షత వహించాడు. లొల్లి చేస్తారని పిల్లలను రానివ్వలేదు.

అనసూయ చాలాకాలం పొయ్యి దగ్గరికి పోలేదు. నిద్రలో ఉలిక్కిపడేది. చలికాలం వచ్చేసరికి పక్కింటి పిల్లలతో గచ్చకాయలు ఆడటం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం వైకుంఠం భార్య నాగమణమ్మ పిల్ల బట్టల మూట పట్టుకుని వచ్చి గడప బయటే నిలబడింది. "నేను చూసిన బిడ్డా. చూసి ఊకున్న" అంది. అనసూయ మూట విప్పి, పచ్చ లంగా తీసి నడుముకు పెట్టుకుని చూసుకుంది.

"పెద్దమ్మా, పొట్టిగైంది" అంటూ లోపలికి పోయింది.