విప్పని కుట్లు

ముందు గదిలో కూర్చుని, వచ్చినవారి పేరూ వేళా నమోదు చేసుకునే ఉద్యోగానికి భుజాలు దాటిన జుట్టు ఎందుకు అవసరం? మహదేవపురలోని ఆ అద్దాల భవనంలో ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ సమాధానం చెప్పలేదు. అడిగిన మనిషి మాత్రం ఒకరున్నారు. కె.ఆర్.పురం స్టేషను వెనక వీధిలో ముప్పై ఏళ్లుగా సవరాలు అల్లుతున్న పిల్లమ్మ. అయితే ఆమె అడిగింది ఆ సంస్థను కాదు, అక్కడ పనిచేసే తన కూతురు నేత్రావతిని.

నిరుడు డెంగీ జ్వరం తగ్గాక నేత్రావతి జుట్టు పిడికెళ్లకొద్దీ రాలింది. జ్వరానికి రాలిన జుట్టు మళ్లీ వస్తుందని, కొన్నాళ్లు ఓపిక పడితే చాలని పిల్లమ్మకు తెలుసు. ఆఫీసుకే ఆ ఓపిక లేకపోయింది. మేనేజరు గిరిధర్ ఎంతో మర్యాదగా చెప్పాడు.

"డోంట్ మైండ్ నేత్రా. ఫ్రంట్ డెస్క్ కదా, కొంచెం ప్రెజెంటబుల్‌గా ఉండాలి."

"స్కార్ఫ్ కట్టుకుంటాను సార్."

"స్కార్ఫ్ అంటే హాస్పిటల్ లుక్ వస్తుందమ్మా. ఏదో ఒకటి సెట్ చేసుకో."

సెట్ చేసుకుంది. ఒక సెలూన్‌లో, మిగిలిన జుట్టును నెత్తికి అంటుకుపోయేలా సన్నని పాయలుగా అల్లి, ఆ పాయలకు పరాయి జుట్టును సూదీదారంతో కుట్టారు. వీవింగ్ అంటారట. తల తడిస్తే కుదుళ్లదాకా ఆరబెట్టాలని, ఆరువారాలకు తప్పకుండా విప్పించాలని, విప్పాక పదిరోజులు తలను ఖాళీగా వదలాలని చీటీ మీద రాసి మరీ ఇచ్చారు. ఆ సెలూన్‌ది ఏ తప్పూ లేదు. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

పిల్లమ్మ ఆ జుట్టును వేళ్లతో తడిమి చూసి నవ్వింది. "ఇది యా ఊరి జుట్టో ఏమో పాపం, బాడుగ లేకుండా మన నెత్తిన కాపురముండాది."

"సుమ్మనుండమ్మా నువ్వు," అని కూతురూ నవ్వింది. అప్పటికింకా నవ్వు వచ్చేది.

ఆరోవారం నేత్రావతి పదిరోజులు సెలవు అడిగింది. "ఇది క్లయింట్ విజిట్స్ మంత్ కదా! పోనీ వర్క్ ఫ్రమ్ హోమ్ ఇద్దామంటే నీ డెస్క్ ఇంటికి రాదు," అన్నాడు గిరిధర్. పక్కనున్న ఇద్దరు నవ్వారు. వచ్చే నెల చూద్దామన్నాడు. ఆ వచ్చే నెల రానేలేదు.

ఈలోగా కింద సొంత జుట్టు పెరిగి పాయలు వదులయ్యాయి. నుదుటి దగ్గర అతుకు లేచి కనబడసాగింది. ఒక ఆదివారం నేత్రావతి సూదీదారం తెచ్చి తల్లి ముందు చాప మీద కూర్చుంది.

"బిగించమ్మా. నీ చేతి ముడి జారదు గదా."

పిల్లమ్మ చేయి ఆగింది. తన దగ్గర సవరం కొన్న ప్రతి ఆడదానికీ ఆమె చెప్పి పంపే మాట ఒకటుంది. పొద్దున కట్టింది సాయంత్రం విప్పాల, తడితల మీద కట్టరాదు. సవరం జడకు కడతారు, నెత్తికి కాదు. లాగినా సవరమే చేతికొస్తుంది. ఇది అట్లా కాదని ఆమెకు తెలుసు.

"విప్పేస్తాను పాపా. వద్దు ఇది."

"విప్పితే రేపు యాట్లా పోయేది నేను? ఈ ఒక్కసారికమ్మా."

బిగించింది. అందంగా, గట్టిగా, ఒక్క వెంట్రుక లేవకుండా. మర్నాడు ఆఫీసులో అందరూ బాగుందన్నారు. ఆ ఒక్కసారి మూడుసార్లయింది. నెలలు ఎనిమిదయ్యాయి. పొద్దున్నే తలస్నానం చేసి, తడి ఆరకుండానే నేత్రావతి బస్సెక్కేది. నుదురు లాగుతోందని, కనుబొమలెత్తితే ప్రాణం పోతోందని ఒకటి రెండుసార్లు అన్నది. కొత్త కుట్టు కదా, రెండు రోజులకు సర్దుకుంటుందని పిల్లమ్మే ధైర్యం చెప్పింది.

ఒక ఉదయం దిండు గలేబు మీద పసుపుపచ్చని చీము మరక కనబడింది. పిల్లమ్మ ఎవరినీ అడగలేదు. కూతురిని వాకిట్లో కూర్చోబెట్టి, సన్న కత్తెరతో ఒక్కొక్క కుట్టే తెంచింది. తన ముడులను తానే గుర్తుపట్టింది. అవి ఒక్కటీ జారలేదు. ముందువైపు పాయలు మాత్రం కుదుళ్లతో సహా చేతిలోకి వచ్చాయి.

చర్మవైద్యురాలు ఫర్హానా కడప మనిషి. భూతద్దంతో చాలాసేపు చూసింది. "వెనకవైపు వస్తుందమ్మా, టైమ్ పడుతుంది. ముందు మాత్రం స్కార్ అయిపోయింది. నెలల తరబడి లాగి లాగి కుదుళ్లు చచ్చిపోయినాయి. మొదట్లోనే, నొప్పి ఉన్నప్పుడే విప్పేసుంటే..." అని, పిల్లమ్మ ముఖం చూసి మిగతాది మింగేసింది.

"బిగించింది నేనే మేడమ్," అంది పిల్లమ్మ.

"బిగించమనింది నేను గదమ్మా," అంది నేత్రావతి.

ఇంటికి వచ్చాక పిల్లమ్మ అలవాటుకొద్దీ కొబ్బరినూనె గిన్నె, దువ్వెన తీసుకుని కూతురి వెనక కూర్చుంది. దువ్వెన మొన నుదుటి పైన, పాపిట మొదలయ్యే చోట ఆనించింది. అక్కడ చెవి నుంచి చెవిదాకా, మెరిసే నున్నని చర్మం.

నేత్రావతి వెనక్కి తిరగలేదు. తల్లి చేయి పట్టుకుని మెల్లగా అడిగింది.

"పాపిట యాడ తీస్తావమ్మా ఇంక?"

కొబ్బరినూనె పిల్లమ్మ వేళ్లమీదుగా మోచేతిదాకా కారింది. దువ్వెన నుదుటి దగ్గరే ఉండిపోయింది.

ఇది చదువుతున్న మీ ఇంట్లో ఎవరి తలమీదైనా కుట్టిన జుట్టో, అతికించిన విగ్గో ఉండి, దాని కింద నొప్పిగా ఉందని ఆ మనిషి ఒక్కసారి అన్నా, సెలవు దొరికేదాకా ఆగకండి. ఆఫీసువారి ముఖం చూడకండి, ఆ మనిషి బతిమాలినా వినకండి. కత్తెర తీసుకోండి. ఈరోజే విప్పండి.