రంగూ వాసనా రుచీ

"ది వాటర్ ఈజ్ క్లీన్. ఏదీ, అను తల్లీ."

పిచ్చుక అనలేదు.

ఆరో తరగతిలో అందరికన్నా పొట్టిది, అందరికన్నా వాగుడుకాయ. అందుకే ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పడింది. అలాంటిది ఇవాళ పొద్దున్నుంచీ ఈ ఒక్క వాక్యం దగ్గర నోటికి తాళం వేసుకుని కూర్చుంది. రేపటి ఉపన్యాసంలో మిగతావన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పేస్తోంది. ప్రాణమున్న ప్రతిదాన్నీ అల్లా నీటితోనే చేశాడు, నది ఒడ్డున ఉన్నా సరే నీళ్లు దుబారా చేయకూడదు, చెట్టు నాటితే దాని కాయ పిట్ట తిన్నా నాటినవాడికి పుణ్యమే. అన్నీ ఇంగ్లీషులోనే, గడగడా. చివరికి 'మా బడి నీళ్లు శుభ్రమైనవి' అనే చోటికి వచ్చేసరికి తల వంచేసుకుంటోంది.

గది పైకప్పు రేకులది. మిట్టమధ్యాహ్నం. ఇంగ్లీషు టీచరమ్మ గొంతు పిడచకట్టుకుపోయింది. గుమ్మం అవతల మెట్టు మీద పిచ్చుక తండ్రి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు మోచేతుల దాకా నీలం. అద్దకం కార్ఖానాలో పదేళ్లు పనిచేస్తే సబ్బుకి లొంగని రంగు అది. పనివేళ బడి మెట్ల మీద ఎందుకున్నాడయ్యా అంటే, నాలుగు రోజులుగా ఆయనకి పని లేదు. రేపు విరాళాలిచ్చే పెద్దలు బడి చూడ్డానికి వస్తున్నారు. వాళ్ల ముందు కూతురు ఆ వాక్యం చెబితే మర్నాడు మళ్లీ గేటు లోపలికి రానిస్తారు, చెప్పకపోతే ఇక రానక్కర్లేదు. ఇది కార్ఖానా షావుకారు మాట. బడి కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. బడి ఆవరణలోని మసీదులో, బడి పిల్లలు కూడా వాడుకునే వజూ తొట్టి కట్టించిందీ ఆయనే.

ఇంతకీ ఈ కొంపలంటించింది ఎవరు? టీచరమ్మే. అదీ పూర్తి మంచి మనసుతో.

ఏడాది మొదట్లో కమిటీ వాళ్లు కొత్త పద్ధతి అన్నారు. ఇంగ్లీషు ఊరికే ఇంగ్లీషుగా చెబితే పిల్లలకి ఒంటబట్టదు, దానికి మతాన్నీ పర్యావరణాన్నీ కలిపి చెప్పాలి, అప్పుడు పరాయి భాష కూడా మనదవుతుంది అన్నారు. విరాళాలిచ్చే పెద్దలకి అలాంటి బడులంటే ఇష్టమట. బడి గోడ మీద ఆకుపచ్చ రంగుతో పెద్ద చెట్టు బొమ్మ వేయించారు. తక్కిన మాస్టర్లు బొమ్మతో సరిపెట్టుకున్నారు. టీచరమ్మ మాత్రం నమ్మింది. నమ్మిన మనిషితో వచ్చే చిక్కు ఇదే, చెప్పినదాన్ని చేసి కూర్చుంటుంది.

ఆమె నీళ్లతో మొదలుపెట్టింది. పిల్లలకి రోజూ తెలిసిన పని వజూ. నమాజుకి ముందు చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులు, తల, పాదాలు వరసగా శుభ్రం చేసుకోవడం. ఆ వరసనే ఇంగ్లీషు చేసింది. వాష్ యువర్ హాండ్స్, వాష్ యువర్ ఫేస్. కుళాయి దగ్గర ఒకడు ఆజ్ఞ ఇస్తే ఇంకొకడు చేస్తాడు. నెల తిరక్కుండా పిల్లల నోట మాటలు పలికాయి. ఆమెకి భూమ్మీద కాలు నిలవలేదు. అదే ఊపులో, వజూకి ఎలాంటి నీళ్లు పనికొస్తాయో కూడా చెప్పింది. "మూడు చూడాలి. కలర్, స్మెల్, టేస్ట్. ఏదో కలిసి ఈ మూడింట్లో ఒకటి పాడైందనుకోండి, ఆ నీళ్ల జోలికి పోకూడదు." మూడు కొత్త మాటలు వచ్చాయి కదా అని మురిసిపోయింది.

పిల్లలు మాటలు నేర్చుకుని ఊరుకోలేదు. గాజు గ్లాసు పట్టుకుని తిన్నగా వజూ తొట్టి దగ్గరికి పోయారు. ఎండకి ఎత్తి చూస్తే నీళ్లలో లేత ఊదారంగు. వాసన చూస్తే కుళ్లిన గుడ్డు. రుచి సంగతి పిచ్చుక చూసి, థూ అని ఊసి, "టీచర్, మూడూ పోయాయి!" అని అరిచింది. తొట్టికి నీళ్లొచ్చే బోరు ఉన్నది కార్ఖానా కాలువ పక్కనే. కాలువలోకి వచ్చేది ఏమిటో అందరికీ తెలుసు. తెలిసినదాన్ని ఎవరూ పాఠంగా చదవలేదు, అంతే తేడా.

ఆ మర్నాటి నుంచి ఆరో తరగతి మొత్తం ఇంటి నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకుంది. ఇంటి నీళ్లంటే డబ్బా నీళ్లు, డబ్బాకి రోజుకూలిలో పావువంతు పోతుంది. తల్లులు లబలబలాడారు. అయినా పిల్లలు వినలేదు, దుబారా చేయం, ఒక్క సీసా చాలు, టీచర్ చెప్పింది అన్నారు. వారం తిరిగేసరికి మసీదులో తండ్రులు కూడా దోసిలి పట్టి, నీళ్లు ముఖం మీద చల్లుకోబోయి, ఒక్క క్షణం ఆగి దోసిట్లోకి చూడ్డం మొదలుపెట్టారు.

ఆ ఒక్క క్షణం షావుకారుకి నచ్చలేదు.

ఆయన అరిచే మనిషి కాడు. హెడ్మాస్టరు గదిలో టీచరమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మరీ మాట్లాడాడు. "అమ్మా, నువ్వు చెప్పిందాంట్లో తప్పు లేదు. కానీ రేపు నా కార్ఖానా మూతపడితే నాలుగొందల పొయ్యిలు ఆరిపోతాయి. నీ పాఠం వాళ్ల కడుపు నింపుతుందా?"

హెడ్మాస్టరు ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. "నింపదు సార్, ఎలా నింపుతుంది?" అన్నాడు.

మసీదు ఇమాంని కూడా పిలిపించారు. ముసలాయన, నిజంగా చదువుకున్నవాడు. జీతం కమిటీ ఇస్తుంది. "ఆ నియమం ఉన్నది నిజమే," అన్నాడు. "ఆకు రాలినా, పాచి పట్టినా కూడా రంగు మారుతుంది, అలా మారితే ఫరవాలేదు. మరి ఇది ఎందువల్ల మారిందో..." అని ఆగి, నీళ్లు నమిలి, "నేను పరీక్ష చేయించలేదు కదా," అన్నాడు. టీచరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నేలచూపులు చూశాడు.

"మొదట అరిచింది ఎవరి పిల్ల?" అని అడిగాడు షావుకారు. అంతే. ఆ సాయంత్రమే పిచ్చుక తండ్రిని పని మాన్పించారు.

"తల్లీ, ఒక్కసారి అనేయ్," అంది టీచరమ్మ మళ్లీ. తన గొంతు తనకే బతిమాలుడులా వినపడి సిగ్గేసింది.

పిచ్చుక తలెత్తింది. "టీచర్, మీరు చెప్పింది అబద్ధమా?"

"కాదు."

"మరి ఇది?"

మెట్టు మీది తండ్రి లేచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"టీచరమ్మా, చిన్నపిల్ల, దానికేం తెలుసు? మీరైనా గట్టిగా చెప్పండి. ఒక్క మాటంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? అదీ మనకి రాని భాషలో."

"ఆ నీళ్లు ఎలాంటివో మీకు తెలీదా అన్నా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఏడ్చినా బాగుండు అనిపించేలా ఉంది. "నాకు తెలీకపోవడమేంటమ్మా? రంగు తొట్లు కడిగిన నీళ్లు కాలువలోకి వదిలే కవాటం తిప్పేది నేనే. వాన పడితే పూర్తిగా, పడకపోతే సగం. తిప్పినప్పుడల్లా అల్లా, మాఫ్ చెయ్యి అనుకుంటాను. ఆయన చేస్తాడు, దయగలవాడు. షావుకారు చెయ్యడు." కూతురి వైపు తిరిగాడు. "ఏమే, నాలుగు రోజుల్నుంచి మీ అమ్మ గిన్నె గీకుతోంది, కనపడట్లేదా? చెప్పు. నీకు దణ్ణం పెడతాను."

నీలం చేతులు రెండూ నిజంగానే జోడించాడు. పదకొండేళ్ల కూతురికి. టీచరమ్మ చూడలేక గోడవైపు తిరిగింది.

"ది వాటర్ ఈజ్ క్లీన్," అంది పిచ్చుక.

ఒక్క తప్పు లేకుండా పలికింది. టీచరమ్మ జన్మలో ఏ పిల్ల ఇంగ్లీషు మాట విన్నా ఇంత బాధ పడలేదు.

మర్నాడు బడి పెళ్లిపందిరిలా ఉంది. తొట్టిలో రాత్రే పటిక కలిపారు కాబోలు, నీళ్లు తేరుకుని పైకి నిగనిగలాడుతున్నాయి. వాసనకి మాత్రం పటిక మందు కాదు, అందుకని తొట్టి చుట్టూ అగరొత్తులు వెలిగించారు. విరాళాలిచ్చే పెద్దలు ముగ్గురు వచ్చారు. అందులో నెరిసిన గడ్డం పెద్దాయన నిదానస్తుడు, పిల్లల్ని దగ్గరికి పిలిచి మరీ మాట్లాడాడు. పిచ్చుక ఉపన్యాసం మొత్తం చెప్పింది. చివరి వాక్యం కూడా చెప్పింది. చప్పట్లు మోగాయి. గోడ పక్కన నిలబడ్డ తండ్రి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. టీచరమ్మ కూడా అనుకుంది, పోనీలే, గండం గడిచింది, ఆ ఇంట్లో రేపు పొయ్యి వెలుగుతుంది.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. పెద్దాయనకి ముచ్చటేసింది. "నమాజు వేళయింది. పిల్లలతో కలిసి చేసుకుందాం. పదండమ్మా, మీ పాఠంలోలాగే వజూ చేసి చూపించండి," అన్నాడు.

పిచ్చుక ముందు నడిచింది. కుళాయి దగ్గరికి వచ్చింది. కుళాయి దాటి పోయింది. తొట్టి అవతల నేల మీద మోకాళ్లు మోపి, రెండు అరచేతులూ మట్టి మీద తట్టి, ముఖం తుడుచుకుంది. చేతులు తుడుచుకుంది. వెనక ఉన్న పిల్లలు ఒకర్నొకరు చూసుకుని, ఒక్కొక్కరే వెళ్లి ఆ పక్కన కూర్చున్నారు.

అది తయమ్ముమ్. వజూకి పనికొచ్చే నీళ్లు దొరకనప్పుడు మట్టితో శుద్ధి చేసుకోవడం. ఎడారిలో దారి తప్పినవాడు చేసేది, నిండు తొట్టి పక్కన ఎవరూ చేయరు. పెద్దాయన చేయి గడ్డం మీద ఆగిపోయింది. "నీళ్లున్నాయి కదమ్మా?" అన్నాడు.

చెప్పమన్న మాట పిచ్చుక చెప్పేసింది. ఇంక చెప్పడానికి దాని దగ్గర ఏమీ లేదు.

షావుకారు ముఖంలో నవ్వు చెదరలేదు. "పిల్లలు కదండీ, నేర్చుకున్నవన్నీ చూపిద్దామని ఉబలాటం," అని, గోడవైపు తిరిగి వేలితో పిలిచాడు. "నువ్వు రావయ్యా. కార్ఖానాలో మా పాత మనిషి. పిల్లలకి చేసి చూపించు."

పిచ్చుక తండ్రి వచ్చాడు. కుళాయి తిప్పాడు. చేతులు కడిగాడు. దోసిట నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించాడు.

"ఎలా ఉన్నాయో చెప్పు పెద్దలకి," అన్నాడు షావుకారు.

ఆయన నోటి నిండా నీళ్లు. ఊసేయడానికి అటూ ఇటూ చూశాడు. ఒకవైపు పెద్దలు, ఒకవైపు షావుకారు, ఎదురుగా నేల మీద కూతురు. గుటక వేశాడు. గొంతులో ముడి పైకీ కిందికీ కదలడం అందరికీ కనపడింది.

"బాగున్నాయి అయ్యా," అన్నాడు.

"అబ్బాజాన్!" అని తండ్రిని పిలిచింది పిచ్చుక. ఒక్కసారే అంది. మట్టి అంటిన ముఖం మీద కళ్లనీళ్లు చారలు కట్టాయి.

హెడ్మాస్టరు టీచరమ్మ చెవి దగ్గరికి వచ్చాడు. "పిల్లల్ని లేపి కుళాయి దగ్గరికి పంపండి. తొందరగా. మీరు చెబితే వింటారు."

వింటారు. ఆమెకి తెలుసు. ఏడాదంతా ఆమె ఏది చెబితే అది చేసిన పిల్లలు.

"పంపను," అంది. ఎవరికీ వినపడలేదు. హెడ్మాస్టరు ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"పంపనండీ," అంది, ఈసారి పెద్దాయనకీ షావుకారుకీ వినపడేట్టు.

కుళాయి దగ్గర పిచ్చుక తండ్రి మూతి తుడుచుకుంటూ ఆమె వైపే చూస్తున్నాడు. వద్దమ్మా, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.